ఉచితమైన మాట

గరివిడిలో మా బావ రోజూ నన్ను తన బండి మీద కాలేజీలో దింపేవాడు. అర్థశాస్త్రం లెక్చరర్ని కదా, వెనక కూర్చుని, ఉచిత పథకాలు జనాన్ని సోమరుల్ని చేస్తాయని దారంతా దంచేవాణ్ణి. పెట్రోలు అతనిది, ప్రవచనం నాది.

"ఉచితమంటే ఊరకనే అని ఒకటే అర్థమేటి బావా? తగినదని కూడా ఉన్నాది," అని నవ్వేవాడు.

ఒకరోజు వృద్ధాప్య పింఛన్ల మీద పడ్డాను. బండి ఆపి నన్ను దింపేశాడు.

"అమ్మకీ పింఛనొస్తాది. మా అమ్మ సోమరేటి?"

"అత్త సంగతి వేరు," అన్నాను.

"అందరికీ ఓ అమ్మ ఉంటాది బావా. ఎక్కు, గంట కొట్టేస్తారు."

మర్నాటి నుంచి పౌరుషంగా ఆటో ఎక్కాను. అయినా వారం రోజులు మా గుమ్మం ముందు హారన్ కొట్టాడు. నేను లోపలే దాక్కున్నాను. ఓడిపోయానని చెప్పేలోపే తను గుండెపోటుతో పోయాడు.

ఇప్పుడు వీధిలో ఏ బండి హారన్ మోగినా చెప్పుల్లో కాళ్లు పెట్టేస్తున్నాను.