తువ్వాలు కింద మార్కులు

నూజివీడులో మా మామిడికాయల షావుకారు బేరం నోటితో చెప్పేవారు కాదు. తువ్వాలు కప్పి, దాని కింద ఎదుటివాడి వేళ్లు పట్టుకుని ధర తెలిపేవారు.

ఎనభైల్లో ఆయన దగ్గర గుమాస్తాగా ఉంటూ ఎంబీయే సీటుకు దరఖాస్తు పెట్టాను. దరఖాస్తులో అడిగిన వ్యాసాలు నేనే రాసుకున్నాను. యజమాని నింపాల్సిన ఫారం మాత్రం, ఇంగ్లీషు రాని ఆయనకు తెలుగులో చదివి వినిపించాను. నా గురించి ఒక్కో ప్రశ్నకు అయిదింటికి ఇన్నని ఆయన మార్కులు చెప్పాలి, నేను వేయాలి.

"కష్టపడతాడా అని అడుగుతున్నారండీ."

అలవాటుగా నా చేతిమీద తువ్వాలు కప్పి అయిదు వేళ్లూ పట్టుకున్నారు.

"నిజాయితీ?"

ఈసారి మూడు వేళ్లే పట్టుకున్నారు.

నేను అయిదు వేశాను.

"వేశావా?"

"వేశానండీ."

చూడకుండా సంతకం చేశారు.

సీటు వచ్చింది. సంతోషమూ కలగలేదు, సిగ్గూ కలగలేదు. ఆయన పట్టుకోని ఆ రెండు వేళ్లు మాత్రం ఇప్పటికీ నావి కానట్టే ఉంటాయి.