మామ వేళ్లు, దొరసాని శాలువా

ఉదయం ఎనిమిదింపావుకు ఓడ మెట్ల దగ్గర మా మేనమామ నా చొక్కా కాలరు సర్ది, "పదరా అల్లుడా, దేశం సూసొద్దాం" అన్నాడు. ఆ రోజుల్లో నాకు దేశమంటే నగరి, పుత్తూరు, ఎప్పుడైనా తిరుచానూరు. అలాంటివాణ్ని డబ్బున్న తెల్లవాళ్లు షికారు తిరిగే ఓడలో దుప్పట్లు ఉతికే పనిలో పెట్టించింది మామే. మగ్గాల ఇంట్లో పుట్టిన ఆయన అదే ఓడలో దర్జీ. ఓడ దిగేముందు ఆఫీసరు ఒక్కటే మాట చెప్పాడు: ఊళ్లో ఎవరైనా ఫిర్యాదు చేస్తే పని పోయినట్టే, ఆ రేవు నుంచే ఇంటికి పంపేస్తారు. మామ జీతం మీద ఇంట్లో అందరూ బతుకుతున్నారు. అందుకని మెట్లు దిగుతున్నంతసేపూ నాకే బోధ. "నోరు మూసుకో. చేతులు జేబులో పెట్టుకో. దేన్నీ ముట్టుకోవాకు."

మధ్యధరా తీరంలోని ఆ పట్నాన్ని చూసి నేను చివరి మెట్టు మీదే ఆగిపోయాను. నీళ్ల అడుగున గులకరాళ్లు కనిపిస్తున్నాయి. రేవు పొడుగునా తెల్లటి పడవలు, ఒక్కొక్కటీ మా ఇంటికంటే పెద్దది. కొండవాలు మీద గులాబిరంగు మేడలు, వాటి మధ్య తోటలు. (అంత నీలం నేను అద్దకం తొట్టిలో తప్ప ఎక్కడా చూడలేదు.) "ఈడ జనం పనికి పోరా మామా?" అన్నాను. "పోతారు లేరా, మనం సూడని టయానికి" అన్నాడు. తర్వాత ఇద్దరం గుసగుసలాడుకుంటూ నడిచాం. గట్టిగా మాట్లాడితే ఎవరైనా వచ్చి మమ్మల్ని వెళ్లిపొమ్మంటారనిపించింది.

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. మా నేతవాళ్లు ఎదురుపడితే ముందు బాగోగులు అడిగేవారు కాదు. ఎదుటివాడి పైగుడ్డ అంచును రెండు వేళ్ల మధ్య నలిపి చూసేవారు, తమది చూపించేవారు. ఆ తర్వాతే మాటలు.

రేవు పక్క కాఫీ హోటల్లో, ఆరుబయట కుర్చీలో ఒక ముసలి దొరసాని కూర్చుని ఉంది. ఒళ్లో కుక్కపిల్ల, భుజాల మీద ఎర్రగళ్ల శాలువా. నా చేతులు జేబుల్లోనే ఉన్నాయి. మామ చెయ్యి మాత్రం జేబులోంచి బయటికొచ్చి, నేను చూస్తుండగానే ఆ శాలువా అంచు పట్టుకుని నలిపింది. కుక్క మొరిగింది, దొరసాని కేక పెట్టింది, తెల్లటోపీ పోలీసు వచ్చి మామ భుజం పట్టుకున్నాడు. నాకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలూ ఆ క్షణాన ఎటో పోయాయి. పోలీసు మామ జేబు మీదున్న ఓడ బిళ్ల చదువుతున్నాడు. మామ ముఖంలో నెత్తురు లేదు. అప్పుడు ఆయన తన చొక్కా అంచు పైకి లాగి ఆమె ముందు పెట్టాడు.

"నువ్వూ సూడు తల్లీ. మా నాయన నేసినాడు."

అచ్చమైన నగరి తెలుగులో! ఆమె ఆయన ముఖం చూసింది, గుడ్డ చూసింది. మెల్లగా చేతి తొడుగు తీసి, రెండు వేళ్ల మధ్య నలిపింది. మళ్లీ నలిపింది. పోలీసుతో ఏదో అంది, అతను భుజం వదిలేశాడు. తర్వాత ఆమే తన శాలువా అంచు పట్టి మామ చేతికి ఇచ్చింది.

"మంచి చెయ్యి నేసినాది" అన్నాడు మామ. అంతటితో ఊరుకోవచ్చు కదా! పోలీసు చొక్కా చెయ్యి కూడా నలిపి, "ఇది మిల్లుదిరా, పస లేదు" అన్నాడు. నవ్వుతూ దండం పెట్టి ఆయన్ని లాక్కొచ్చాను. "చేతులు జేబులో పెట్టుకో మామా" అంటే, "పెట్టుకొనే ఉంటిని కదరా" అన్నాడు.

సాయంత్రం ఓడ కదిలాక ఆ పట్నం దీపాలు చిన్నవైపోతుంటే ఇద్దరం కమ్మీ పట్టుకుని నిలబడ్డాం. "అంత వైభోగంలో ఉండాది, అయినా ఆమె వేళ్లకు తెలిసినాది సూడు" అన్నాడు మామ.

పోయిన ఏడాది మామ పోయాడు. ఆయన మీద కప్పిన కొత్త గుడ్డ అంచును, ఏం చేస్తున్నానో తెలిసేలోపే, నలిపి చూశాను. మిల్లుదే. నాకు కొంచెం నవ్వు కూడా వచ్చింది. పక్కనున్న కుర్రవాళ్లు నన్ను చూసి, పెద్దాయన గుడ్డ సర్దుతున్నాడనుకుని, రెండో వైపు వాళ్లు సర్దారు. మా ఊళ్లో ఇప్పుడు ఎవరూ ఎదుటివాడి గుడ్డ పట్టి చూడరు.