మా ఇంట్లో ‘టూ’

ఈ మధ్య ముత్తుకూరు బస్టాండు పక్కన ఎవరో నువ్వులు వేయిస్తుంటే, ఆ కమ్మటి వాసనకి కాళ్లు అక్కడే ఆగిపోయాయి. మా చిన్నప్పుడు సముద్రానికి దగ్గరున్న మా పల్లెలో ఆ వాసన వచ్చిందంటే, ఎవరింట్లోనో ఆడపిల్ల పెద్దమనిషి అయిందని వీధంతా తెలిసిపోయేది. నువ్వులూ బెల్లమూ రోట్లో దంచి, చిమ్మిలి ముద్దలు చేసి, పిల్లని ఈతచాప మీద కూర్చోబెట్టి, వచ్చిన అమ్మలక్కలందరికీ పంచేవాళ్లు.

ఏడో తరగతి అయిన ఎండాకాలం నా వంతు వచ్చింది. ఆ ఏడే ఇంగ్లీషు అయ్యవారు మాకు ‘టూ’ అనే మాట చెప్పారు. ‘వెరీ’ అంటే చాలా, అంతే. ‘టూ’ అంటే మితిమించింది, ఇక ఆ పని కుదరదని. పులుసు టూ కారం, తినలేం అన్నారు. క్లాసంతా నవ్వింది. కారమెక్కువైందని చేపల పులుసు వదిలేసినవాళ్లు మా వైపు ఎవరున్నారు?

నేను చాప మీదుండగానే మా జేజి, అంటే నాన్న వాళ్లమ్మ, తేల్చేసింది.

"పిల్ల శానా పెద్దదయిపోయింది. ఇంక బడి మానిపించండి. ఆ పోర్టు లారీల రోడ్డులో బస్సులెక్కి తిరగతాదా?"

ఆమె ‘శానా’ అయ్యవారి ‘వెరీ’ కాదు, ‘టూ’ అని నాకు వెంటనే అర్థమైంది. చేతిలో చిమ్మిలి ముద్ద పక్కన పెట్టేశాను. మా పల్లెలో బడి ఏడో తరగతి వరకే; ముత్తుకూరు హైస్కూలు మీద పెట్టుకున్న ఆశంతా అయిపోయిందనుకున్నాను. రెండేళ్ల కిందట అక్కకీ ఇదే చాప, ఇదే మాట. ఆ తర్వాత అక్క బడి మొహం చూడలేదు.

రోట్లో నువ్వులు దంచుతున్నది అక్కే. రోకలి పక్కన పెట్టి, తలెత్తకుండానే అంది.

"పెద్దదయింది సరే జేజీ. బస్సెక్కేంత పెద్దది కూడా అయిందిగా. నాయనా, నన్నెట్టాగూ ఆపేసినారు. దాన్నన్నా పంపించు."

ఆ ‘ఎక్కేంత’ని ఇంగ్లీషులో ‘ఎనఫ్’తో చెప్తారని తర్వాత హైస్కూల్లో నేర్చుకున్నాను. నాన్న గడప మీద కూర్చుని కండువా మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు. ఆఖరికి "బళ్లు తెరవంగానే చేర్పిస్తాలే" అన్నాడు. జేజి మూతి ముడుచుకుంది గానీ, మొదటిరోజు నా సద్ది కట్టింది ఆమే.

ఇప్పుడా వేడుకలు ఫంక్షన్ హాళ్లలో, ఫ్లెక్సీల మధ్య జరుగుతున్నాయి. రోళ్లు లేవు, జేజీ లేదు. ఫోన్లో ఇంగ్లీషు మెసేజీ వస్తే అక్క "ఇదేందో చూడవే" అని నా చేతికిస్తుంది. చదివి చెప్తాను. మొన్న రోడ్డు వెడల్పులో మా పాత ఇల్లు పోయిందని తెలిసి చుట్టాలందరూ అయ్యో అన్నారు. అక్క చదువు పోయిన రోజు ఆ ఇంట్లో అందరం పండగ చేసుకున్నాం.