కింది గది ఖాళీ లేదు

మా వీధిలో సుబ్బరామయ్యంత తెలివైనవాడు లేడని అందరూ అంటారు. అందరికంటే ముందు ఆయనే అంటాడు. మాచర్ల బజారులో ముప్పై ఏళ్లుగా ఆయనకు బట్టల కొట్టుంది. జనం ఫోన్లలో చీరలు కొనడం మొదలెట్టాక బేరాలు తగ్గాయి. "ఇక మనకి కొట్టు కాదు మాస్టారూ, ఇల్లే తిండి పెట్టుద్ది" అని నాతో చెప్పి, ఉన్న రెండంతస్తుల ఇంటికి శ్రీనిధి హోమ్‌స్టే అని బోర్డు తగిలించాడు. నాగార్జున సాగర్, ఎత్తిపోతల చూడటానికి హైదరాబాదు నుంచి వచ్చేవాళ్లకు రోజుల లెక్కన గదులు. అంతా ఫోన్ యాప్‌లోనే.

యాప్‌లో పెట్టిన మొదటి ఫొటో ఎత్తిపోతల జలపాతం. ఆ గదుల కిటికీ తెరిస్తే కనిపించేది మా దొడ్డిగోడ, దాని మీద ఆరేసిన నా లుంగీలు. "అంకుల్, వాటర్‌ఫాల్ ఏదీ?" అని ఒక అమ్మాయి అడిగితే, "పొద్దున్నే కారులో పోతే చానా బాగా కనపడుద్దమ్మా" అన్నాడు, రెప్ప వాల్చకుండా.

మొదట మేడ మీద గదులు ఇచ్చాడు. నాలుగు డబ్బులు కనపడగానే, తామిద్దరూ పడుకునే కింది గది కూడా ఇచ్చేశాడు. దానికి లోపలే బాత్‌రూము ఉందట, రేటు ఎక్కువ పలుకుతుందట. మొగుడూ పెళ్లాలు వంటింటి పక్క సామాన్ల కొట్లో, అమ్ముడుపోని చీరల అట్టపెట్టెల మధ్య చాప పరుచుకున్నారు. పాపం కనకలక్ష్మి పొద్దున్నే లేచి ముక్కూ మొహం తెలియనివాళ్లకు ఉప్మా కలపాలి, వాళ్లు పడుకున్న దుప్పట్లు ఉతకాలి. ఆయన మాత్రం గేటు దగ్గర కుర్చీ వేసుకుని రేటింగులు చదువుకునేవాడు.

ఇంతవరకైతే వాళ్ల ఇల్లు, వాళ్ల ఇష్టం. నేనూ నవ్వి ఊరుకునేవాణ్ణి.

వాళ్లకు ఒక్కతే కూతురు, మాధురి. పిడుగురాళ్లలో ఇచ్చారు. మొన్న ఆగస్టుకు ఏడో నెల. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. ఏడో నెలలో చలిమిడి పట్టుకెళ్లి పిల్లను తెచ్చుకోవాలి. అది తప్పితే మళ్లీ తొమ్మిదో నెలే, ఎనిమిదిలో కదపరు. కనకలక్ష్మి చలిమిడికి బియ్యం నానబోసింది. సరిగ్గా ఆ వారమే సాగర్ గేట్లు ఎత్తారు.

"ఏమే, ఇప్పుడెట్టా తెస్తాం? కింది గది నెలాఖరు దాకా ఖాళీ లేదు" అంటున్నాడు సుబ్బరామయ్య. గోడ ఇవతల ఉన్న నాకు స్పష్టంగా వినిపిస్తోంది.

"పిల్ల మెట్లెక్కలేదయ్యా. ఆ వచ్చేవాళ్లకే లేదని చెప్పు."

"క్యాన్సిల్ చేస్తే రేటింగ్ పడిపోద్ది. మాధురి మన పిల్లే గదా, ఏడకి పోద్ది?"

నానిన బియ్యం రుబ్బి దోసెలు పోసింది కనకలక్ష్మి. వాటినీ గెస్టులే తిన్నారు.

తొమ్మిదో నెల దగ్గర పడేసరికి దసరా సెలవులు, వెనకనే కార్తీకం. ఈసారి అల్లుడికే ఫోన్ చేశాడు మహానుభావుడు. "ఆస్పత్రులన్నీ మీ ఊళ్లోనే ఉన్నయ్ గదా బాబూ. ఇక్కడికొస్తే ఈ దుమ్ము పిల్లకి పడదు." సున్నం బట్టీల ఊరికి ఫోన్ చేసి మా ఊళ్లో దుమ్మని చెప్పిన మనిషిని నేనైతే ఈయన్నొక్కణ్ణే చూశాను.

కనకలక్ష్మి మా ఇంటికొచ్చి ఏడ్చింది. "మీరన్నా చెప్పండన్నయ్యా." వెళ్లి చెప్పాను. "మీకు బిజినెస్ తెలవదు మాస్టారూ" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

దసరా వెళ్లగానే ఆయనకు పెద్ద బేరం తగిలింది. కింది గదే, ఏకంగా నలభై ఐదు రోజులు. ఎవరో సాయిసాత్విక. మెట్లెక్కలేని మనిషి ఉన్నారు, బాత్‌రూములో పట్టుకోవడానికి కడ్డీ కావాలని మెసేజ్ పెట్టింది. సాయంత్రానికల్లా కడ్డీ బిగించాడు. మర్నాడు గీజరు, కొత్త పరుపు. కూతురి కోసం వంగని నడుం గెస్టు కోసం ఎన్ని వంకర్లు తిరిగిందో మా వీధంతా చూసింది.

వాళ్లు వచ్చే రోజు బంతిపూల దండ తెప్పించి, వీడియో తీసి యాప్‌లో పెట్టాలని ఫోన్ పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. కారు ఆగింది. ముందు సాయిసాత్విక దిగింది. ఆమె అల్లుడి చెల్లెలు. పెళ్లిలో ఆ పిల్లకు తన చేత్తోనే చీర పెట్టాడు, పేరు మాత్రం గుర్తులేదు పెద్దమనిషికి. ఆమె చెయ్యి పట్టుకుని, నిండు పొట్టతో మాధురి దిగింది.

కనకలక్ష్మి అప్పటికే దిష్టి తీయడానికి ఎర్రనీళ్ల పళ్లెంతో వాకిట్లో ఉంది. ఆమె మొహంలో ఆశ్చర్యమేమీ లేదు.

"ఏందమ్మా ఇది?" అన్నాడు సుబ్బరామయ్య. ఫోన్‌లో వీడియో ఇంకా తిరుగుతూనే ఉంది.

"నేనడిగితే ఖాళీ లేదన్నావు గదా నాన్నా. యాప్‌లో అడిగితే ఉందంది." బ్యాగులోంచి ఆధార్ కార్డు తీసి ఇచ్చింది మాధురి. "రాసుకో."

డబ్బు వెనక్కిచ్చాడా అని అడుగుతారేమో. యాప్ వాళ్లు ఇంకా తన ఖాతాలో వెయ్యలేదట, వేశాక చూద్దామన్నాడు.

అక్టోబరు చివర్లో ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటో రోజున బారసాలకు పిడుగురాళ్ల నుంచి చుట్టాలొచ్చారు. హాల్లో ఉయ్యాల కట్టారు. తాతగారి హోదాలో కొత్త పంచె కట్టుకుని, వచ్చినవాళ్లందరికీ తాంబూలాలు తనే ఇస్తున్నాడు సుబ్బరామయ్య. నాకిచ్చేటప్పుడు, "ఎంతైనా పుట్టింటి పురుడే పురుడు మాస్టారూ" అన్నాడు కూడా. మింగలేక, కక్కలేక తీసుకున్నాను.

ఇంతలో అల్లుడి తరఫు ముసలామె ఒకావిడ ఉయ్యాల దగ్గరికొచ్చి మాధురి తల నిమిరింది. "పురిటికి పుట్టింటికొచ్చావా తల్లీ?"

"లేదమ్మమ్మా" అంది మాధురి, పిల్ల మీద దోమతెర సర్దుతూ. "ఇక్కడ రూము తీసుకున్నాం."