ఒకేసారి దిగిన రెండు ముళ్ళు

తాత ముప్పై ఏళ్ళు ఊరికి నీళ్ళు తోడే పంపుహౌసులో పనిచేశాడు. గోడనిండా మీటర్లు, వీధికో ముల్లు. వాటిని చూసీ చూసీ ఆయన మెడ ఓ పక్కకి వంగిపోయింది. "పని వల్ల కాదు, పొగరు వల్ల" అనేది అమ్మమ్మ.

అంత మాట అనే మనిషి రెండు నెలలుగా ఆసుపత్రి మంచం మీద ఉంది. మెదడులో నరం చిట్లింది. కళ్ళు తెరిచే ఉంటాయి, ఎవర్నీ చూడవు.

తాత రోజూ పక్కన కూర్చుని ఒకటే కోత కోసేవాడు. "మొదటిసారి మీ ఇంటికొచ్చి కుళాయి బాగుచేశానా లేదా?" నిజానికి నిక్షేపంలాంటి కుళాయిని విరగ్గొట్టి, వంటింటిని చెరువు చేసి వెళ్ళాడు. ఈ మాట ఎప్పుడెత్తినా అమ్మమ్మ ఏ గదిలో ఉన్నా ఉరికొచ్చేది: "అబద్ధాలకోరు మనిషీ! విరగ్గొట్టింది మీరే!" ఆ కేక కోసమే ఇప్పుడీ అబద్ధం.

ఆ రోజు డాక్టరమ్మ స్కాన్ బొమ్మలు చూపించింది. "వినికిడి చోటూ, జ్ఞాపకాల చోటూ కలిసి ఎర్రబడుతున్నాయి, కలిసి తగ్గుతున్నాయి. రెంటికీ సంబంధం ఉన్నట్టు కనిపిస్తోంది."

"అమ్మ వింటోంది నాన్నా!" అంది కూతురు.

తాత మెడ ఇంకాస్త వంచాడు. "ఈ ఎరుపు ఏంటమ్మా, ఆలోచనా?"

"కాదండీ, రక్తం. నరాలు పనిచేసే చోటికి ఎక్కువొస్తుంది. దాన్నిబట్టి అంచనా వేస్తాం."

"మా మీటరు లాంటిదే. పైపుని చూస్తుంది, ఇంట్లో మనుషుల్ని చూడదు."

కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు రెండు వీధుల ముళ్ళు ఒకేసారి దిగి ఒకేసారి లేచేవి. లోపలెక్కడో పైపులు కలిశాయని తాత రోడ్డంతా తవ్వించాడు. కలవలేదు. పెద్ద పంపు ఆయాసపడినప్పుడల్లా రెండూ దిగేవి, అంతే. ఏడాదిపాటు తోటివాళ్ళు ఆయన్ని గోతులదొర అన్నారు.

"మా పెద్ద పంపుకి ముళ్ళు ఊగినట్టు, గుండెకీ, ఊపిరికీ కూడా ఈ ఎరుపులు ఇలా కలిసి ఊగుతాయా?"

డాక్టరమ్మ బొమ్మలు కింద పెట్టింది. "ఊగుతాయి. ఆ ఊపు తీసేసే చూస్తాం, కానీ పూర్తిగా పోదు. ఈ బొమ్మ చూసి ఆవిడ వింటున్నారని చెప్పలేను."

"వినడం లేదని?"

"అదీ చెప్పలేను."

"ఇప్పుడెందుకు నాన్నా నీ పంపుహౌసు గోల!" కూతురు ఏడ్చేసింది.

తాత మంచం పక్కకొచ్చి కూర్చున్నాడు. "ఏమేవ్, మీ ఇంటి కుళాయి బాగుచేశానా లేదా?"

ఆగాడు. అమ్మమ్మ రెప్ప కదల్లేదు. మధ్యలో నర్సు వచ్చి సీసా మార్చి వెళ్ళింది. తాత ఇంకా ఆగాడు.

"సర్లే," అన్నాడు చివరికి. "విరగ్గొట్టింది నేనే."