మూగబోయిన పదహారు రైఫిళ్లు

సైన్యంలో నా చివరి పోస్టింగ్ విజయనగరంలో, కాలేజీ పిల్లలకు సైనిక శిక్షణ ఇచ్చే ఒక కేడెట్ బెటాలియన్. రెండేళ్ల కిందట డిసెంబరు మొదట్లో చేరాను. హోదా హవల్దార్, పని ఆర్మరర్, అంటే ఆయుధాల మరమ్మతు. అక్కడ నాకు అప్పగించిన వాటిలో పదహారు డీపీ రైఫిళ్లు ఉన్నాయి. ఇవి డ్రిల్లుకు మాత్రమే ఉంచిన పాత త్రీ నాట్ త్రీలు. ఫైరింగ్ పిన్ తీసేసి, బ్యారెల్‌కు రంధ్రం చేసి, గుర్తుగా తెల్ల పట్టీ వేస్తారు. ఇక పేలవు. నాలుగు కిలోల బరువు మాత్రం తగ్గదు.

వాటిని వాడేది సైలెంట్ డ్రిల్ జట్టు. మొదట ఒక్క ఆదేశం, తర్వాత మూడు నిమిషాలు మాట ఉండదు. రైఫిల్ తిప్పుతారు, చరుస్తారు, ఎదుటివారికి విసురుతారు. నాయకురాలు గరివిడి అమ్మాయి లక్ష్మి. డిగ్రీ చివరి ఏడాది కాబట్టి, జనవరి ఇరవై ఆరు పరేడే కేడెట్‌గా ఆమెకు ఆఖరి అవకాశం.

నేను పద్ధతి ప్రకారం తనిఖీ చేశాను. పదహారింటికీ ఒకటే లోపం: బెల్టు కొక్కేల స్క్రూలు, ముందు చెక్కను పట్టే స్క్రూలు వదులుగా ఉన్నాయి. కదిపితే గలగలమంటున్నాయి. ఒకదానిలో స్క్రూ ఊడిపోవడానికి రెండు చుట్లే మిగిలాయి. అన్నీ బిగించి రిజిస్టర్‌లో సంతకం చేశాను.

మర్నాడు రిహార్సల్ చూడడానికి కమాండింగ్ ఆఫీసర్ వచ్చారు. రెండు వరుసలూ ఒకదానికొకటి వీపు తిప్పేవరకు బాగానే సాగింది. ఆ తర్వాత లయ తప్పింది: ఒక వరుస ముందు చరిస్తే, ఇంకో వరుస ఆలస్యంగా చరిచింది. మళ్లీ ఎదురెదురుగా తిరిగి విసిరినప్పుడు మూడు రైఫిళ్లు కింద పడ్డాయి. శనివారం మళ్లీ చూస్తాననీ, అప్పుడూ ఇంతే అయితే పరేడ్‌లో ఈ జట్టు ఉండదనీ ఆయన చెప్పి వెళ్లారు.

లక్ష్మి నేరుగా ఆయుధాల గదికి వచ్చింది.

"ఏటి సార్, మా తుపాకులకి ఏటి సేసినారు? కొడితే పలకడం నేదు!"

స్క్రూలు బిగించానని చెప్పాను.

"అయి మేమే వదులు సేసుకున్నాం సార్! ఎనక్కి తిరిగినోళ్లకి ఏటి కనిపిస్తాది? ఆ సప్పుడే మాకు లెక్క."

ఆమె వెనకనున్న స్నేహితురాలు నాకు వినపడేలాగే అంది: "ఒసే, బండి బాగుసెయ్యమంటే హారన్ పీకేసినారే!"

తప్పు నాదే. అయినా స్క్రూలు తిరిగి వదులు చేయలేదు. ఊడబోతున్న ఆ స్క్రూ ఏ రైఫిల్‌దో నంబరు చూపించాను. అది లక్ష్మిదే. గాలిలో తిరిగేటప్పుడు కొక్కెం ఊడి ఎదుటి పిల్ల కంటికి తగిలితే ఏమవుతుందో ఆమెకు చెప్పక్కర్లేదు.

తన రైఫిల్ కొక్కేన్ని వేలితో కదిపి చూసి, "అయితే దారేటి సార్?" అంది.

రైఫిల్ మడమలో, అంటే భుజానికి ఆనించే చివర, మూత ఉన్న చిన్న అర ఉంటుంది. అందులో ఇత్తడి నూనె సీసా, అది కదలకుండా బ్యారెల్ తుడిచే తాడు పెడతారు. నేను తాడు తీసేసి, ఖాళీ సీసా ఒక్కటే ఉంచి మూత వేశాను. లక్ష్మి రైఫిల్‌ను చరిచింది. లోపల సీసా కదిలి టక్కుమంది. ఇంకోసారి చరిచి, స్నేహితురాలి వైపు చూసింది.

"పలుకుతున్నాదే!"

పదహారింటికీ అలాగే చేశాం. శనివారం ఒక్క రైఫిలూ కింద పడలేదు. పరేడ్ రోజు నేను మైదానం వైపు వీపు పెట్టి నిలబడి మూడు నిమిషాలూ విన్నాను. పదహారు రైఫిళ్లకూ ప్రతిసారీ ఒకటే చప్పుడు; ఎక్కడా రెండు కాలేదు.

నా తనిఖీ జాబితాలో అప్పటికి పదకొండు అంశాలు ఉండేవి. పన్నెండోది నేనే రాసుకున్నాను: స్క్రూ వదులుగా కనిపిస్తే, బిగించే ముందు వాడేవాళ్లను అడగాలి.