ఎంగేజ్ వస్తే అయినట్టే

ఫోన్‌లో ఎంగేజ్ మోత వినపడితే నాకు ఇప్పటికీ ఒళ్ళు నీరసిస్తుంది. ఒకప్పుడు మాత్రం దానికి మించిన మంచి శబ్దం నాకు లేదు. అది వింటే ఆ పూటకు నా చాకిరీ తీరినట్టు.

ఇరవై ఏళ్ళ పైమాట. పొలం మట్టినీ చెరువు నీళ్ళనూ పరీక్ష చేసి రైతులకు ఫలితాలు చెప్పే ఒక ప్రైవేటు కంపెనీలో కంప్యూటర్ల పని చూసేవాణ్ణి. తెనాలిలో ఆఫీసు, బాపట్లలో ఒక కేంద్రం, రేపల్లెలో ఇంకొకటి. మూడుచోట్లా మూడు ముసలి కంప్యూటర్లు. బొమ్మల తెరను మోసే ఓపిక వాటికి లేదు కాబట్టి, ఉచితంగా దొరికే సిస్టమ్ ఒకటి ఎక్కించాను. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, మౌస్ లేదు. ఏం కావాలన్నా కమాండ్ టైపు చేసి అడగాలి. ఇంటర్నెట్ కూడా అంతే. కమాండ్ కొడితే మోడెమ్ ఫోన్ లైను మీద నంబరు తిప్పేది, కాసేపు కీచుమని గీపెట్టేది, అదృష్టం ఉంటే కలిసేది. లేకపోతే 'నో క్యారియర్' అని తెర మీద ఒక ముక్క పడేసి ఊరుకునేది.

ఆ ముక్క పడిందంటే నేను బయల్దేరాలి. పొద్దున బాపట్ల రైలు, తిరిగి తెనాలి, అక్కణ్ణుంచి రేపల్లె ప్యాసింజర్. వేమూరు వచ్చేలోపే కిటికీకి తల ఆనించి నిద్రపోయేవాణ్ణి. భట్టిప్రోలులో మెలకువ వస్తే ఎవరో ముక్కూ మొహం తెలియని పెద్దాయన నా భుజం మీద నిద్రపోతూ ఉండేవాడు. కంపెనీ నాకు కంప్యూటర్లు చూస్తున్నందుకు జీతం ఇచ్చిందో, రైళ్ళలో కూర్చున్నందుకు ఇచ్చిందో ఇప్పటికీ తెలియదు. రామేశ్వరం వెళ్ళినా శనేశ్వరం వదలదన్నట్టు, ఆదివారం ఇంట్లో పడుకున్నా చెవిలో మోడెమ్ కూస్తూనే ఉండేది.

రేపల్లె కేంద్రంలో ఉద్యోగి ఒక్కరే. నలభైకి దగ్గరపడిన ఆవిడ. నగరం మండలం వైపు నుంచి రైతులు సీసాల్లో నీళ్ళు, సంచుల్లో మట్టి తెస్తే పరీక్షలన్నీ తనే చేసేది. ఇల్లు ఆ వెనక రెండో వీధిలో, చర్చి పక్కన. భర్తకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట కూడా సరిగా రాదు. మధ్యాహ్నం ఒంటిగంటకు కేంద్రం తలుపు దగ్గరగా వేసి, ఇంటికి వెళ్ళి అన్నం కలిపి ఆయనకు తినిపించి, అరగంటలో తిరిగి వచ్చేది. ఉద్యోగం ఇంటి దగ్గర ఉండబట్టే ఆ సంసారం నడిచేది.

అప్పటిదాకా రేపల్లెలో ఇంటర్నెట్ నేను వెళ్ళి కలిపితేనే, మిగతా రోజుల్లో ఫలితాల కాగితాలు బస్సులో మర్నాటికి మాకు చేరేవి. హైదరాబాద్‌లో ఉన్న పై ఆఫీసుకు అది నచ్చలేదు. నెల రోజులు చూస్తామన్నారు. రోజూ సాయంత్రం అయిదున్నరలోపు ఫలితాలు ఇంటర్నెట్‌లో తమకు అందాలి. ఒక్క రోజు తప్పినా రేపల్లెలో సీసాలు తీసుకునే కౌంటరు మాత్రం ఉంచి, ఆవిణ్ణి తెనాలికి మార్చేస్తారు. ఆ ఉత్తరం నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. ఆవిడ రెండుసార్లు చదివి, ఒక నోటు పుస్తకం తెచ్చుకుని నా ఎదురుగా కూర్చుంది.

"చెప్పండి తమ్ముడు గారూ. మొదట ఏం కొట్టాలి?"

కమాండ్లు ఇంగ్లీషులో రాసుకుని, పక్కన తెలుగులో తన మాటలు రాసుకుంది. 'నాలుగు ముక్కల నంబరు కనపడితే లైను కలిసినట్టు.' 'పంపిన తరవాత తెంపడం మరవకూడదు.' ఖాళీ వదలాల్సిన ప్రతిచోటా చిన్న సున్నా చుట్టింది. నేను ఉద్యోగంలో చేరినప్పుడు నాకెవరూ అంత శ్రద్ధగా నేర్పలేదు, నేనూ అంత శ్రద్ధగా నేర్చుకోలేదు.

చిక్కల్లా ఒకటే. కేంద్రానికి ఉన్నది ఒకే ఫోన్ లైను. ఏదైనా తేడా వస్తే ఆవిడ నాకు ఫోన్ చేయాలి, నేను చెప్పింది రాసుకోవాలి, ఫోన్ పెట్టేశాకే కమాండ్ కొట్టాలి. కొడుతున్నప్పుడు నేను పక్కన లేను, మాట్లాడే దారీ లేదు. సెల్‌ఫోన్లు అప్పటికి మా ఇద్దరికీ లేవు. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాం. అయిదు గంటల ప్రాంతంలో నేను రేపల్లెకు ఫోన్ చేస్తాను. మోగితే ఆవిడ ఎత్తి కష్టం చెప్తుంది. ఎంగేజ్ వస్తే మోడెమ్ లైను మీద ఉన్నట్టు, పని అయినట్టే. ఆ తెలివి నాదే. దాని గురించి ఆ రోజుల్లో నలుగురికీ గొప్పగా చెప్పుకున్నాను కూడా.

ఇంకో సంగతి. మూడు ఆఫీసులకూ కలిపి ఒకటే ఇంటర్నెట్ కార్డు. గీకితే ఒక పేరు, ఒక పాస్‌వర్డు, కొన్ని గంటలు వచ్చేవి. ఒకేసారి ఇద్దర్ని లోపలికి రానిచ్చేది కాదు. బాపట్ల నాలుగింటికి, రేపల్లె అయిదింటికి, అందరి తరవాత నేను. నా వంతు వచ్చినప్పుడు లోపలికి వెళ్ళి, రేపల్లె ఫలితాలు చేరాయో లేదో ఒకసారి చూసి తాళం వేసేవాణ్ణి.

ఇరవై రోజులు దాటినా ఒక్క రోజూ తప్పలేదు. నేను రేపల్లె రైలు ఎక్కడం మానేశాను. ఒకసారి ఫోన్‌లో ఆవిడ నవ్వుతూ, "పుస్తకం చూడకుండా కొడుతున్నానండి ఇప్పుడు" అంది.

నెలాఖరుకు ఇంకా నాలుగు రోజులున్నాయనగా, బాపట్లలో లైను మొరాయించింది. పొద్దుటి నుంచి అక్కడే బల్ల కింద దూరి వైర్లు మార్చాను. తీరా కలిశాక కార్డు గంటలు అయిపోయాయి. రోడ్డు మీద కొత్త కార్డు కొని, గీకి, బాపట్లలో పేరూ పాస్‌వర్డూ మార్చాను. తెనాలి వచ్చి ఇక్కడా మార్చాను. మిగిలింది రేపల్లె. కొత్త పాస్‌వర్డు చీటీ మీద రాసి పట్టుకుని, అయిదుకు పది నిమిషాలుండగా ఫోన్ చేశాను.

ఎంగేజ్.

ఆవిడ ముందే మొదలుపెట్టిందన్నమాట, పాత కార్డులో ఇంకా కాసిన్ని నిమిషాలు మిగిలే ఉన్నాయన్నమాట అనుకున్నాను. రెండు నిమిషాలాగి మళ్ళీ చేశాను. ఎంగేజ్. ఇంకాసేపు ఆగి మూడోసారి చేశాను. ఎంగేజ్. అమ్మయ్య అనుకున్నాను. నడుము విరిగిపోతోంది, పొద్దుటి నుంచి కడుపులో టీ తప్ప ఏమీ లేదు. లోపలికి వెళ్ళి చూడాలని గుర్తుంది. గుర్తుండే చూడలేదు. చీటీ జేబులో పెట్టుకుని, ఆఫీసుకు తాళం వేసి, స్టేషన్ ఎదురుగా బండి దగ్గర నిలబడి పునుగులు తిన్నాను.

మర్నాడు పొద్దున హైదరాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. రేపల్లె ఫలితాలు అందలేదట. నేను వెంటనే రేపల్లెకు చేశాను. ఈసారి మొదటి మోతకే ఎత్తింది.

"లోపలికి రానివ్వలేదండి. పాస్‌వర్డు తప్పు అంటోంది. మూడుసార్లు చూసుకుని మీకు చేశాను. ఎంగేజ్. మళ్ళీ మళ్ళీ చేశాను, ఎంగేజే. మీరు కనెక్టయి ఉన్నారేమో, అందుకే నన్ను రానివ్వట్లేదేమో అని కాసేపు ఆగాను. తరవాత చేస్తే మోగింది గానీ ఎవరూ ఎత్తలేదు."

అర్థమవడానికి నాకు ఎంతోసేపు పట్టలేదు. నేను ఆవిడకు చేస్తున్నప్పుడు ఆవిడ నాకు చేస్తోంది. ఇద్దరం ఒకరి లైను ఒకరం మూసేసి కూర్చున్నాం. ఆవిడ ఎదురుచూసింది, నేను వెళ్ళిపోయాను. తేడా అంతే.

"అప్పుడు బాపట్ల లైను చూస్తున్నానక్కా" అన్నాను. అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని అప్పటిదాకా తెలియదు.

"పోనీలెండి. నేనే ఎక్కడో అక్షరం తప్పు కొట్టి ఉంటాను" అంది.

కాదని అనలేదు నేను. చీటీ ఇంకా చొక్కా జేబులోనే ఉంది, నూనె మరక పడి. కారణం రాసి పంపమని హైదరాబాద్ వాళ్ళు అడిగితే, 'రేపల్లెలో లైను సమస్య' అని రాశాను. రేపల్లెలో లైను నిలబడదని వాళ్ళు తేల్చి, ఆ రోజు నుంచే కాగితాలు మళ్ళీ బస్సులో పంపమన్నారు. మరుసటి నెల నుంచి ఆవిడ పొద్దున ప్యాసింజర్‌లో తెనాలి రావడం మొదలుపెట్టింది. వాళ్ళాయనకు మధ్యాహ్నం అన్నం పక్కింటి పెద్దమ్మ తినిపించేది. ఇంట్లో ఫోన్ పెట్టించారు. రోజూ ఒంటిగంటకు నా ఎదురు బల్ల దగ్గర నుంచి ఆవిడ ఇంటికి చేసేది. ఆయన ఎడమచేత్తో ఎత్తి 'ఊఁ' అనేవాడు. "తిన్నారా? సరే, ఉంటాను" అని పెట్టేసేది. మూడేళ్ళు ఆ మాటలు వింటూ నా క్యారేజీ తిన్నాను. సిగ్గుగానే ఉండేది. అయినా తినేవాణ్ణి.

ఒకరోజు ఒంటిగంటకు చేస్తే ఎంగేజ్ వచ్చింది. మళ్ళీ చేసింది. ఒంటిగంటన్నర దాకా చేస్తూనే ఉంది. పక్కింట్లో ఫోన్ లేదు. చివరికి రిసీవర్ పెట్టి నావైపు చూసింది.

"ఎంగేజ్ వస్తే అయినట్టే అనేవారు కదండీ మీరు. బానే ఉన్నట్టేగా?"

"కాదక్కా. ఎంగేజ్ వస్తే ఏమీ తెలియనట్టు. పదండి, వెళ్దాం" అన్నాను.

ఆ టైముకు రైలు లేదు, బస్సెక్కాం. వేమూరు దాటాక మొత్తం చెప్పేశాను. చీటీ సంగతి, మూడుసార్లు ఫోన్ చేసిన సంగతి, పునుగుల సంగతి, హైదరాబాద్‌కు రాసిన ముక్క. ఆవిడ కిటికీలోంచి చూస్తూ వింది.

ఇంట్లో ఆయన మంచం మీదే ఉన్నాడు. ఒంటిగంట అవుతోందని ఫోన్ దగ్గరికి లాక్కోబోతే రిసీవర్ చెయ్యి జారి కింద పడింది, వంగి తీసుకోలేకపోయాడు. అంతే. ఆవిడ దాన్ని తీసి జాగ్రత్తగా పెట్టింది, ఆయన తల సర్ది మంచినీళ్ళు పట్టింది. తరవాత బీరువా తెరిచి పాత నోటు పుస్తకం తెచ్చి నా చేతికిచ్చింది.

కమాండ్ల పేజీలు అయిపోయాక, మిగిలిన పేజీల నిండా ఒకటే మాట. ఆ పాత పాస్‌వర్డు, వరసగా, వందలసార్లు. కొన్నిచోట్ల ఏదో ఒక అక్షరం కింద గీత, దాని పక్కన ప్రశ్న గుర్తు.

"ఇందులో నా తప్పెక్కడుందా అని మూడేళ్ళుగా చూస్తున్నానండి" అంది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "ఇంక నాకెందుకు, మీరు తీసుకెళ్ళండి."

తీసుకున్నాను. సాయంత్రం ప్యాసింజర్‌లో, రేపల్లె నుంచి తెనాలి దాకా, కిటికీ పక్కన సీటు దొరికి కూడా నాకు నిద్ర పట్టలేదు.